కాలి దగ్గర మొదలయ్యే గీత

"మాస్టారు మీ పొలానికి ఎప్పుడొచ్చారు బాబాయ్?"

"ఎండ తగ్గినాక వచ్చాడు. నాలుగు దాటుంటది."

"వెళ్ళిందెప్పుడు?"

"ఎడ్లను విప్పేతలికి పొద్దుగుంకింది. నేనే ఆటో మాట్లాడి ఎక్కించా. ఇదంతా పోలీసోళ్ళకి చెప్పాగదమ్మాయ్. మళ్ళా మొదట్నించీ నీకు గూడా చెప్పాల్నా?"

"చెప్పాలి బాబాయ్. వాళ్ళు నాకు చెప్పరుగా."

నాగేశ్వరరావు నవ్వాడు. పేట శివార్లలో ఆయనంతటి రైతు ఇంకొకడు లేడు, ఆయన మాట కాదని సర్పంచి ఎన్నిక జరిగిన రోజూ లేదు. అయినా నవ్వు మాత్రం మెత్తగా ఉంటుంది. కొట్టం ముందు కుర్చీలో కూర్చుని, ఎడమకాలు పీట మీద చాపి, చిలకముక్కు పిడి ఉన్న చేతికర్రను ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనక కొట్టంలో పందెపు ఎడ్లు రెండు తీరుబడిగా నెమరు వేస్తున్నాయి. అమూల్యకు ఆయన మీద కోపం రాలేదు, అనుమానమూ రాలేదు. అదే ఆమెకు చిరాకుగా ఉంది.

అమూల్య ఒకప్పుడు ఎస్సై. ఉద్యోగం వదిలేసి నరసరావుపేటలో సెల్‌ఫోన్ల షాపు పైన డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టింది. పేరు గొప్పగానే ఉంటుంది గానీ, వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలే. కుర్రాడు తాగుతాడా, పిల్ల ఎవరితోనైనా తిరుగుతోందా. ఇంతకాలానికి ఒక అసలైన కేసు దొరికిందనుకుంటే, అది తన డ్రాయింగ్ మాస్టారి కేసయింది.

అబ్దుల్ రహీమ్ మాస్టారు. పేటలో చదువుకున్న రెండు తరాలవాళ్ళు ఆయన మొట్టికాయలు తిన్నవాళ్ళే. బొమ్మలు మాత్రం ఏ పదిమందికో వచ్చాయి. సోమవారం రాత్రి ఎవరో పెరటి గోడ దూకి ఆయన ఇంట్లోకి వచ్చారు, తల మీద ఇనప పానాతో కొట్టి పోయారు. తెల్లారి ఆయన్ను చూసి ఆసుపత్రికి మోసుకెళ్ళినవాడు పక్కింటి బైకు మెకానిక్ షాహిద్. ఆ పానా షాహిద్‌దే. అతని షెడ్డు పైకెక్కితే మాస్టారి పెరటి గోడ చేతికందుతుంది. షెడ్డు ముందు సందంతా బైకులు నింపుతున్నాడని మాస్టారు మొన్ననే కేకలేశారు కూడా. ఇంకేముంది, పోలీసులు అతన్నే పట్టుకున్నారు. ఇవాళ మధ్యాహ్నం కోర్టుకు తీసుకెళ్తున్నారు.

అతని చెల్లెలు ఆయేషా నిన్న ఏజెన్సీ మెట్లెక్కి వచ్చి ఒకటే మాట చెప్పింది. "మా భయ్యా కొట్టలేదని చెప్పగలిగినోడు మాస్టారొక్కడే అక్కా. ఆయనేమో కళ్ళు తెరవట్లా." భార్య పోయి, పిల్లలు లేని మాస్టారికి ఆసుపత్రిలో తోడు కూర్చున్నది కూడా ఆ పిల్లే. అన్నను లోపలేసిన కేసులో దెబ్బతిన్న మనిషికి మంచినీళ్ళు పట్టడానికి చెల్లెలు కాచుక్కూర్చుంది.

"మాస్టారు మీ పొలంలో ఏం చేశారు?" అమూల్య అడిగింది.

"ఏం చేస్తాడు, ప్రతి సంవత్సరం చేసేదే. పందేల ముందు ఎడ్లతో బండ లాగిస్తాంగా. గట్టుమీద కూకుని గీసుకుంటాడు. నేను తోలే రోజుల్లో నన్నే గీసేవాడు. ఇప్పుడు మా పాలేరు ఐజాజ్ తోలతన్నాడు." ఆయన కొట్టం వైపు చూసి నిట్టూర్చాడు. "ఆ రోజులే వేరమ్మాయ్. ఎడ్ల వెనకమాల నేను పరిగెత్తతంటే ఊరు ఊరంతా గట్టున ఉండేది."

"కాలు ఎట్లా ఉంది?"

"ఎట్టా ఉంటది. గోపాలకృష్ణయ్య గడ్డపారతో కొట్టి రెండేళ్ళు. ఎముక అతికింది, నరం చచ్చింది. చెప్పు జారిపోయినా తెలవదు. వచ్చే సోమవారం కేసు తీర్పు. ఆడు జైల్లోనే కూకుంటే నా కాలు రాదుగానీ, ఏదో మనశ్శాంతి."

"ఆ రోజు వేసిన బొమ్మలు మీకు చూపించారా?"

"లేదు." జవాబు తొందరగా వచ్చింది. తరవాత ఆయనే మెల్లగా సర్దుకున్నాడు. "వెలుతురు పోయింది గదా. సంచిలో పెట్టుకున్నాడు. చూపించినా ఆ గీతలు నాకేం తెలుస్తయ్?"

"సరే బాబాయ్. డాక్టర్లు ఇవాళో రేపో మాస్టారికి తెలివొస్తుందంటున్నారు. ఆయనే చెప్తారు ఎవరొచ్చారో."

"రావాలి తల్లీ, రావాలి," అన్నాడు నాగేశ్వరరావు.

* * *

మాస్టారి ఇంటి ముందు పోలీసు జీపు ఉంది. అరుగు మీద సీఐ నవీన్ టీ తాగుతున్నాడు. అమూల్యను చూడగానే అతని మొహం వేపాకు నమిలినట్టయింది.

"ఏందే, ఈసారి ఏ పెళ్ళికొడుకు గురించి?"

"నీ గురించేరా. ఎంక్వయిరీ చేశా. సంబంధం వద్దని చెప్పా."

కానిస్టేబుల్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు. అమూల్య, నవీన్ ఆరో క్లాసు నుంచి ఒకే బడి. పోలీసు ట్రైనింగు కూడా ఒకే ఏడాది. ఆమె ఉద్యోగం వదిలేసిన రోజున అతను స్వీట్లు పంచాడని ఊళ్ళో ఒక కథ ఉంది. అతను కాదంటాడు.

"అరగంట ఇస్తా," అన్నాడు. "మాస్టారి మొహం చూసి. ఏదీ ముట్టుకోబాకు. పన్నెండున్నరకి నేను షాహిద్‌ని కోర్టుకు తీసుకుపోవాలి."

లోపల వాసన మారలేదు. సిరా, పాత కాగితం, కొంచెం కర్పూరం. అమూల్యకు గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. పదమూడేళ్ళ వయసులో ఈ గదికి వచ్చి వెదురుపుల్ల చెక్కడం నేర్చుకుంది. ముక్కు ఒకవైపు ఏటవాలుగా, నడుమ సన్నటి చీలిక. అట్లా చెక్కిన కలం పచ్చడి సీసాలోని సిరాలో ముంచితే నొక్కినప్పుడు వేలంత లావు, వదిలినప్పుడు వెంట్రుకంత సన్నం గీస్తుంది. మధ్యలో చెయ్యి ఎత్తడానికి వీల్లేదు. రబ్బరుకు చోటే లేదు.

శనివారం మధ్యాహ్నాలు మాస్టారు పిల్లలందరినీ బస్టాండుకు తోలుకెళ్ళేవారు. "బస్సెక్కేవాణ్ణి గీయండి. వాడు ఎక్కేలోపల అయిపోవాల." అంతే పాఠం. మాచర్ల బస్సు వచ్చేది, మూటలతో జనం తోసుకునేవాళ్ళు, పిల్లలు తలకాయలు గీస్తూనే ఉండగా బస్సు వెళ్ళిపోయేది. అప్పుడు మొట్టికాయలు. "ముందు మొహం గీసుకుంటే ఎట్టారా? వాడు దేనిమీద నిలబడ్డాడో చూసుకోవద్దా? కాలి దగ్గర మొదలెట్టు. బరువు ఏ కాలిమీదుందో ఆడ కలం నొక్కు. పైకి పొయ్యేకొద్దీ ఒదులు." నవీన్ మాత్రం ఏడాది పొడుగునా మీసాలతోనే మొదలుపెట్టాడు. మీసం లేని ఆడవాళ్ళొస్తే ఏం చేయాలో తోచక నిలబడేవాడు.

 ఆమె గదిలోకి చూసింది.

ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు దండెం తాడు. దానికి బట్టల క్లిప్పులతో తగిలించిన కాగితాలు. మాస్టారు గీసిన వరసలోనే ఆరేస్తారు, కుడి నుంచి ఎడమకు. నేలమీద సుద్దముక్కతో పోలీసులు గీసిన గీత మాస్టారు పడిన చోటు చూపిస్తోంది. ఆ వంకర గీత చూస్తే మాస్టారే లేచి మొట్టికాయ వేస్తారు.

"పెరట్లో ఏముంది?" ఆమె అడిగింది.

"గోడ నా తలకంటే ఎత్తు. పైన గాజుపెంకులు. గోనెపట్టా వేసి ఎక్కి దూకాడు. పుదీనా మడిలో రెండు మడమలూ దిగబడ్డయ్. కుర్రోడి పని. షాహిద్‌కి పాతికేళ్ళు." నవీన్ వేళ్ళు మడిచాడు. "పానా వాడిది, షెడ్డు వాడిది, గొడవ వాడిది. ఇంకేం కావాల?"

"వాడే కొట్టుంటే వాడే ఆసుపత్రికి ఎందుకు మోస్తాడు?"

"భయపడి. ఇట్టాంటివి నువ్వూ నేనూ ఎన్ని చూళ్ళా?"

 అమూల్య కళ్ళు తాడు మీద ఉన్నాయి. సోమవారం నాటి బొమ్మలు. మొదటిదాంట్లో ఎడ్లు లేవు, బండ లేదు, తోలేవాడి వీపు ఒక్కటే. మడమ దగ్గర బొట్టంత నల్లగా మొదలైన గీత పిక్క మీదుగా ఒక్క ఊపున లేచి, నడుం దగ్గర మెలిక తిరిగి, భుజం చేరేసరికి సిరా అయిపోయి గీరుగా మిగిలింది. మాస్టారు మళ్ళీ ముంచి దిద్దలేదు. ఆ గీరులోనే మనిషి ఎగశ్వాస ఉంది. కొరడా ఎత్తిన చెయ్యి లేదు, అయినా చెయ్యి లేచిందని తెలుస్తోంది. డెబ్భై నాలుగేళ్ళ చెయ్యి. ఎక్కడా వణుకు లేదు. ఆమె ఆ బొమ్మ ముందు కేసు సంగతి మరిచిపోయి కాసేపు ఊరికే నిలబడింది.

"అరగంటలో సగం అయిపోయింది," అన్నాడు నవీన్.

రెండో బొమ్మ నాగేశ్వరరావుది. గట్టుమీద నిలబడిన మనిషి, వీపు ఇటువైపు. కుడిచేతిలో కర్ర. కర్ర కొస నేలను తాకిన చోట సిరా ముద్దగా ఉంది. కుడికాలు లావు గీత. ఎడమకాలు దారప్పోగంత సన్నం, ఉందా లేదా అన్నట్టు. పొద్దున తను చూసిన మనిషే. ఆయన మొహం అక్కర్లేదు, ఆ కర్ర మీద వాలిన వాలు చాలు.

మూడో క్లిప్పు ఖాళీగా ఉంది. నాలుగో దాంట్లో మళ్ళీ తోలేవాడు ఐజాజ్, ఈసారి ఎడ్లతో.

"ఇక్కడిది ఏమైంది?"

"ఏమో. ఆయనే తీసి ఎక్కడో పెట్టుంటాడు. ఇంట్లో ఏదీ పోలా. ఫోను ఉంది, వాచీ ఉంది. ఒక కాగితం కోసం మనుషుల్ని కొడతారంటావా?"

"మాస్టారు మధ్యలో ఖాళీ క్లిప్పు ఉంచరు. పక్కకు జరుపుతారు. నీకు తెలుసు."

"నాకు తెలిసింది కోర్టులో పనికిరాదు అమూల్యా."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మాస్టారి గుడ్డసంచి చూసింది. సిరా సీసా, కలాలు, తెల్లకాగితాలు. సంచి అడుగున పాత పేపర్ల దొంతర. నవీన్ మనుషులు దాన్ని చూసే ఉంటారు, చిత్తు కాగితాలని వదిలేసి ఉంటారు. ఆమెకు ఒక్కసారిగా బస్టాండు గట్టు కళ్ళముందు కనిపించింది. ఒక బొమ్మ కాగానే దాని మీద న్యూస్‌పేపరు పరిచి అరచేత్తో అద్ది, రెండోది మొదలుపెట్టే మాస్టారు. తడి ఆరేదాకా ఆగితే బస్సు వెళ్ళిపోతుంది మరి.

"గ్లౌజులివ్వు," అంది.

"ముట్టుకోబాకన్నానా?"

"అందుకే గ్లౌజులు అడిగింది."

పేపర్లు ఒక్కొక్కటే నేలమీద పరిచింది. సోమవారం నాటి పేపరే, జిల్లా ఎడిషన్. అచ్చు అక్షరాల మీద సిరా మరకలు. మొదటి మరకలో మడమ, పిక్క, నడుం మెలిక. తాడు మీది మొదటి బొమ్మకు సరిగ్గా తిరగేసిన రూపం. రెండో మరకలో కర్ర కొస, కుడికాలి ముద్ద. అది రెండో బొమ్మ. సన్నటి గీతలు అద్దే లోపలే ఆరిపోతాయి కాబట్టి పేపరు మీద పడవు. మాస్టారు ఎక్కడ గట్టిగా నొక్కారో అదొక్కటే మిగులుతుంది.

మూడో మరకకు తాడు మీద జోడీ లేదు.

తల లేదు, చేతుల్లేవు, నేల లేదు. ఒక మడమ, దాని ముందు మునివేళ్ళు నేలను తవ్వుతున్నట్టు దిగిన అయిదు నల్లటి చుక్కలు. ఉబ్బిన పిక్క. తుంటి ఎముక దగ్గర ఒక ఒత్తు. ఇంకా పైన, చంక దగ్గర అడ్డంగా చిలకముక్కు పిడి.

ఆమెకు ఒళ్ళు జల్లుమంది. భయంతో కాదు. అంత బాగుంది ఆ గీత. ఎద్దు మొరాయించినప్పుడు తోలేవాడు నేలను కాలితో తొక్కిపట్టి తన బలమంతా దానికి ఇస్తాడే, అచ్చం ఆ తొక్కు. కానీ ఇది తోలేవాడు కాదు. గట్టుమీద నిలబడి చూస్తున్నవాడు.

"నవీన్, ఇటు రా. ఇదెవరు?"

అతను వంగి చూశాడు. "పిడిని బట్టి నాగేశ్వరరావు. అయితే?"

"నిలబడ్డ తీరు చూడు."

"ఒంటికాలి మీద నిలబడ్డాడు. కుడికాలు. ఆయనకు బాగున్న కాలు అదేగా." అతను లేచాడు. "నాగేశ్వరరావు మీద పెడదామనా నీ ఎత్తు? గోడ ఎక్కి దూకిన కేసులో కుంటోణ్ణి తెచ్చి నిలబెడితే జడ్జి నన్ను చూసి నవ్వడూ? టైమైంది, పద."

"ఇది అద్దిన కాగితంరా."

"అయితే ఏంది?"

ఆమె పేపరును అంచులు పట్టి ఎత్తి, మరక ఉన్న వైపు కిటికీకి తిప్పి, వెనకనుంచి చూపించింది. ఎండ పడగానే పలచటి కాగితంలోంచి నల్లటి మరకలు ఇటువైపు తేలాయి. వీపు ఇటే ఉంది. మడమ ఎడమవైపుకు వచ్చింది.

 నవీన్ తాడు మీది రెండో బొమ్మ చూశాడు, దాని అద్దుడు కాగితం చూశాడు, రెంటినీ తిప్పి పోల్చాడు. మళ్ళీ మూడో మరక దగ్గరకొచ్చాడు. అతని పెదాలు కదలడం అమూల్య చూసింది. బడిలో లెక్క తప్పినప్పుడు అట్లాగే కదిలేవి.

"ఎడమకాలు," అన్నాడు చివరికి.

"మొత్తం మనిషి ఎడమకాలి మీదున్నాడు. కర్ర నేలమీద లేదు, చంకలో ఉంది. మునివేళ్ళు చూడు, ఎట్లా తవ్వుతున్నాయో. చెప్పు జారినా తెలియని కాలట అది. పొద్దున నాతోనే చెప్పాడు."

"ఎందుకు నిలబడతాడు అట్టా, జనం ముందు? రెండేళ్ళు కోర్టును నమ్మించినోడు."

"ముప్ఫై ఏళ్ళు ఎడ్లు తోలినవాడు. తన జోడీ మధ్యలో మొరాయించుంటుంది, తోలేవాడికి చేతకావట్లేదు. అప్పుడు కాలు కుంటిదని గుర్తుంటుందా? కర్ర చంకలో పెట్టి గట్టుమీదనించే తొక్కాడు. జనమంతా ఎడ్లను చూస్తున్నారు. మాస్టారొక్కరే మనుషుల్ని చూస్తున్నారు. క్షణం పట్టిందో ఏమో, ఆయనకు అది చాలు."

నవీన్ తలుపు చెక్కకు ఆనుకుని నిలబడ్డాడు. "అంటే గోపాలకృష్ణయ్య..."

"కొట్టాడో లేదో గానీ, చావని కాలు చచ్చిందన్న మాట మీద రెండేళ్ళుగా జైల్లో ఉన్నాడు. వచ్చే సోమవారం శిక్ష పడితే ఇంక బయటికి రాడు. ఈ బొమ్మ ఒక్కటి బయటికొస్తే జైలుకు పోయేది ఇంకొకరు. మాస్టారు దాచుకునే మనిషి కాదుగా. ఆటో ఎక్కేముందు ఆయనకే చూపించి ఉంటారు. 'నాగేశ్వరరావ్, కాలు బాగైందే' అని సంతోషపడి కూడా ఉంటారు."

 మాస్టారి తీరు అదే. గీతలో అంత పట్టే మనిషికి ఎదుటివాడి మనసులో విషం మాత్రం ఎప్పుడూ కనిపించలేదు. ఎవరి కాలు బాగైనా ఆయనకు సంతోషమే.

"ఇంత చెప్తున్నావు, జడ్జి ముందు ఇది నిలబడదే," అన్నాడు నవీన్, కానీ గొంతులో మునుపటి పెడసరం లేదు. "న్యూస్‌పేపరు మీద సిరా మరక. లాయరు ఉఫ్ అని ఊదేస్తాడు."

"కాలిని డాక్టర్ల బోర్డుకు పంపడానికి సరిపోతుంది. మిగతాది మాస్టారు చెప్తారు, తెలివి రానీ. పేపరు మీద తేదీ ఉంది, సోమవారం ముందు వేసిన బొమ్మ కాదని ఎవడైనా ఒప్పుకోవాలి. షాహిద్‌ని ఇవాళ కోర్టుకు తీసుకెళ్ళకు నవీన్. నీ కాళ్ళు పట్టుకోను గానీ అడుగుతున్నా."

అతను మళ్ళీ ఆ మరక మీదికి వంగాడు. "నేనెప్పుడూ మీసాల దగ్గర మొదలెట్టేవాణ్ణి," అన్నాడు. తరవాత జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అద్దుడు కాగితాన్ని తనే జాగ్రత్తగా లోపలికి జార్చాడు. "స్టేషన్‌కి ఫోన్ చేసి ఆపమంటా. నాగేశ్వరరావుని పిలిపిస్తా. ఇంటిదగ్గరేగా ఉన్నాడు?"

"పొద్దున ఉన్నాడు."

అప్పుడే అమూల్య ఫోను మోగింది. ఆయేషా. ఆ పిల్ల నవ్వుతూ ఏడుస్తోంది, మాటలు సరిగా రావడం లేదు.

"అక్కా, మాస్టారు కళ్ళు తెరిచాడక్కా. నా పేరు పెట్టి పిలిచాడు. ఇంక మా భయ్యాని ఒదిలేస్తారుగా?"

అమూల్య గోడకు ఆనుకుంది. రెండు రోజుల బరువు దిగిపోయినట్టయింది. నవీన్‌కు వినపడాలని స్పీకరు నొక్కింది. "వదిలేస్తారమ్మా. ఇక్కడ సీఐ గారు కూడా వింటున్నారు. ఏమన్నారు మాస్టారు? ఎవరు కొట్టారో చెప్పారా?"

"ఇంకా చెప్పలేదక్కా, నీరసంగా ఉన్నాడు. నేను కిందికొచ్చా, క్యాంటీన్‌లో ఉన్నా. పొద్దుట్నించీ ఏం తినలా."

"మాస్టారి దగ్గర ఎవరున్నారు? నర్సా?"

"కాదక్కా. నాగేశ్వరరావు బాబాయ్ వచ్చాడు పాపం, కుంటుకుంటా మెట్లెక్కి. పోయి అన్నం తిని రా పిల్లా, నేను కూకుంటాగా అన్నాడు."

నవీన్ అప్పటికే వీధిలోకి దూకి జీపు తియ్యమని అరుస్తున్నాడు. అమూల్య అతని వెనకే పరిగెత్తింది, ఫోను చెవికి ఆనించుకుని.

"ఆయేషా, అన్నం వదిలెయ్. పైకి పరిగెత్తు. దారిలో కనపడ్డ ప్రతివాణ్ణీ పిలుచుకుని పో. ఆ గదిలోకి పో."

"ఏందక్కా? ఏమైంది?"

"పరిగెత్తమ్మా."

జీపు సందు మలుపు తిరిగింది. ఫోనులో చెప్పుల చప్పుడు, మెట్ల మీద ఆ పిల్ల రొప్పు, ఎవరినో తప్పుకోమని అరవడం. తరవాత చప్పుడు ఆగింది. తలుపు తోస్తున్న శబ్దం ఒకసారి, ఇంకొకసారి, ఆ తరవాత రెండు చేతులతో బాదుతున్న శబ్దం.

"అక్కా," అంది ఆయేషా, "లోపల్నించి గడియ పెట్టుంది."